పరీక్షకు అందని చెవుడు: అమెరికా మాజీ సైనికుల వినికిడి చరిత్ర

అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమాన్ని చూసే ప్రభుత్వ శాఖ ప్రకటించే లెక్కల్లో, సైనిక సేవ కారణంగా కలిగినట్లు గుర్తింపు పొందిన వైకల్యాల వరుసలో చెవిలో హోరు, వినికిడి లోపం చాలా ఏళ్లుగా ముందు స్థానాల్లోనే కనిపిస్తున్నాయి. ఈ రెంటినీ ఆనుకొని ఉంటూనే ఆ లెక్కల్లో తనకంటూ ఒక పేరు లేని మూడో బాధ ఒకటి ఉంది. నలుగురు చేరి మాట్లాడుకునే చోట, హోటల్లో, విందులో, నడుస్తున్న వాహనంలో, ఎదుటి మనిషి గొంతు చెవిన పడుతున్నా మాట మాత్రం తెలియకపోవడం, అడిగిందే మళ్లీ అడగవలసి రావడం, చివరికి జనంలోకి పోవడమే తగ్గించుకోవడం దాని లక్షణాలు. ఈ బాధతో ఆసుపత్రికి వచ్చిన మాజీ సైనికుణ్ణి బయటి చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి పరీక్షించినప్పుడు, వినికిడి సాధారణంగానే ఉందన్న ఫలితం వచ్చే సందర్భాలు అరుదేమీ కావు. ఇది ఇరవై ఒకటో శతాబ్దపు యుద్ధాలతో పుట్టిన సమస్య అన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది గాని, దాని మూలాలు అంతకంటే చాలా వెనకటివి. సైన్యాలూ వైద్యులూ ఒక్కొక్క కాలంలో సైనికుడి చెవిని ఏమని అడిగారు, ఏ సాధనంతో అడిగారు అన్నదాన్ని బట్టే ఈ ఫిర్యాదు ఒకప్పుడు పిరికితనంగా, మరొకప్పుడు మనోవ్యాధిగా, ఇంకొకప్పుడు పింఛను కోసం ఆడే నాటకంగా, ఇటీవల నాడికో మెదడుకో తగిలిన గాయంగా లెక్కకు వచ్చింది.

ఫిరంగుల దగ్గర పనిచేసేవాళ్లకు చెవులు పోతాయన్న సంగతి తుపాకిమందు వాడుకలోకి వచ్చిన తొలి శతాబ్దాల్లోనే తెలుసు; పదహారో శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రవాజ్ పారే తన రచనల్లో దాన్ని ప్రస్తావించాడు. 1782 ఏప్రిల్‌లో వెస్టిండీస్ సముద్రంలో జరిగిన సెయింట్స్ యుద్ధంలో ఫార్మిడబుల్ అనే తన నౌక నుంచి 80 సార్లు వరుస ఫిరంగులు పేలిన తరువాత, బ్రిటిష్ అడ్మిరల్ రాడ్నీకి 14 రోజులపాటు చెవులు వినబడలేదని వైద్య గ్రంథాలు తరచుగా ఉదాహరిస్తాయి. ఆ ఉదాహరణను చెప్పే తీరులోనే తరువాతి రెండు శతాబ్దాల ఆలోచన ఇమిడి ఉంది: పద్నాలుగు రోజుల తరువాత వినికిడి తిరిగి వచ్చింది కనుక జరిగిన నష్టం ఏమీ మిగల్లేదన్నది అందరికీ తోచిన అర్థం. పారిశ్రామిక రంగంలో ఈ విచారణ మరికొంత లోతుగా సాగింది. గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ 1886లో వంద మంది బాయిలర్ కార్మికులను పరీక్షించినప్పుడు, గడియారపు టిక్‌టిక్ శబ్దాన్ని ఎంత దూరం నుంచి పోల్చగలరో కొలవడంతో ఆగకుండా, బహిరంగ సభల్లో ప్రసంగాలు వారికి తెలుస్తున్నాయా అని కూడా విచారించాడు. జనం మధ్య మాట తెలుస్తోందా అన్న ఆ రెండో ప్రశ్నే అసలైన ప్రశ్న. సాధనాలు మెరుగుపడే కొద్దీ అది వైద్యుల చేతిలోంచి జారిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో భారీ ఫిరంగి గుండ్ల కింద నెలల తరబడి కందకాల్లో గడిపిన సైనికుల్లో మాట పోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు, చెవులు పోయినవాళ్లు వేలల్లో ఆసుపత్రులకు చేరారు. చార్లెస్ మైయర్స్ 1915లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో షెల్ షాక్ అన్న పేరు వైద్య సాహిత్యంలోకి వచ్చింది. పేలుడు అదురు మెదడును గాయపరుస్తోందా, లేక భయం మనసును దెబ్బతీస్తోందా అన్న వాదం యుద్ధం జరిగినన్నాళ్లూ తెగలేదు గాని, క్రమంగా మొగ్గు రెండో వైపుకే వచ్చింది. కర్ణభేరి చిరగకుండా, చెవిలో కంటికి కనబడే గాయం లేకుండా వినికిడి పోయిందని చెప్పే సైనికుడికి హిస్టీరియా చెవుడు అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో ఆర్థర్ హర్స్ట్ వంటి వైద్యులు ఇటువంటివారిని నచ్చజెప్పడం ద్వారా, మనసును ప్రేరేపించడం ద్వారా నయం చేయవచ్చునని పూనుకున్నారు. వారిలో కొందరికి ఆ చికిత్స నిజంగానే పనిచేసింది. కానీ కంటికి కనబడని గాయం గాయమే కాదన్న సూత్రం అక్కడ పాతుకుపోయి, ఆ తరువాతి యుద్ధంలోకి కూడా చెక్కుచెదరకుండా వచ్చింది.

సైన్యంలో చేర్చుకునేటప్పుడూ, సేవ ముగించి పంపేటప్పుడూ చెవిని పరీక్షించే పద్ధతి అప్పటికి చాలా ముతకది. వైద్యుడు 15 అడుగుల దూరంలో నిలబడి గుసగుసగా పలికే మాటలను అభ్యర్థి తిరిగి చెప్పగలిగితే, అమెరికా సైన్యపు పత్రాల్లో 15కు 15 అని రాసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన లక్షలాది మంది విడుదల పత్రాల్లో ఉన్నది ఈ అంకే. ఆ పరీక్ష హెచ్చు శ్రుతి గల శబ్దాలను వినలేకపోయే నష్టాన్ని పట్టుకోలేదు. చప్పుడు మధ్య మాట తెలుస్తుందా అన్న సంగతిని అసలే తాకదు. అయినా దశాబ్దాల తరువాత వృద్ధుడైన సైనికుడు పింఛను కార్యాలయానికి వెళ్లినప్పుడు, సేవ ముగిసిన నాడు అతని చెవులు నిక్షేపంగా ఉన్నాయనడానికి అదే సాక్ష్యమైంది.

గుసగుస స్థానాన్ని ఆక్రమించిన ఆడియోమీటర్ టెలిఫోన్ పరిశ్రమ నుంచి వచ్చిన సాధనం. డేవిడ్ హ్యూజ్ 1879లో లండన్‌లో తయారు చేసిన విద్యుత్ పరికరం దాని తొలి రూపం కాగా, 1922లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీర్లు హార్వీ ఫ్లెచర్, వెగెల్, చెవి వైద్యుడు ఎడ్మండ్ ఫౌలర్‌తో కలిసి రూపొందించిన నమూనా వైద్యానికి పనికివచ్చే స్థితికి చేరింది. అది ఒక్కొక్కటిగా శుద్ధ స్వరాలను, అంటే ఒకే పౌనఃపున్యం గల శబ్దాలను, తగ్గుతూ వచ్చే తీవ్రతతో చెవికి వినిపిస్తుంది. వినబడీ వినబడని అంచున ఉండే తీవ్రతను కనిష్ఠ శ్రవణ స్థాయి అంటారు. సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క స్వరానికి ఆ స్థాయిని డెసిబెల్లలో గుర్తించి గీసిన పటమే ఆడియోగ్రామ్. ఆరోగ్యవంతులైన యువకుల సగటు కనిష్ఠ స్థాయిని సున్నాగా తీసుకొని, దానికి 20 నుంచి 25 డెసిబెల్ల లోపు ఉన్నదాన్ని సాధారణ వినికిడిగా పరిగణించడం ఆనవాయితీ అయింది. గుసగుసతో పోలిస్తే ఇది ఎంతో నికార్సయిన కొలత. చెవి మధ్య భాగపు జబ్బులనూ, లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాల నష్టాన్నీ అది స్పష్టంగా చూపుతుంది. అయితే అది అడిగే ప్రశ్న ఒక్కటే, నిశ్శబ్దంలో ఎంత సన్నని శబ్దం వినబడుతుందని. మనిషి మాట అనేక స్వరాలు క్షణక్షణం మారుతూ వచ్చే సంకీర్ణ ధ్వని కనుక, దాన్ని ఇతర ధ్వనుల నుంచి విడదీసి పట్టుకునే శక్తి వేరే విషయమని ఆ ఇంజనీర్లకు బాగా తెలుసు. తమ టెలిఫోన్ తీగల నాణ్యతను తేల్చడానికి వాళ్లు శుద్ధ స్వరాలతో తృప్తిపడలేదు, అక్షరాల జాబితాలను మనుషులకు వినిపించి ఎన్ని సరిగా అందాయో లెక్కపెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్లు కనబడుతుంది. 1940లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్స్ నాయకత్వాన ఏర్పడిన ధ్వని మనోవిజ్ఞాన ప్రయోగశాల, యుద్ధ విమానాల హోరులో పైలట్ల మాటలు ఒకరికొకరికి అందేలా చేయడానికి పనిచేసింది. విమానపు చప్పుడును గదిలో కృత్రిమంగా పుట్టించి, దాని మధ్య పదాల పట్టికలను చదివి, ఏ మైక్రోఫోన్‌లో ఎన్ని పదాలు తెలుస్తున్నాయో, ఏ హెడ్‌సెట్ మెరుగో అక్కడ తేల్చేవారు. అక్కడ సిద్ధమైన పదాల పట్టికలే యుద్ధం ముగిశాక వినికిడి వైద్యశాలలకు చేరాయి; చేరేటప్పుడు వాటి వెనుక ఉన్న హోరు మాత్రం రాలేదు. పరికరాన్ని చప్పుడులో పరీక్షించిన సైన్యం, ఆ పరికరాన్ని మోసిన మనిషి చెవిని నిశ్శబ్దంలో పరీక్షించింది. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకంటే బాధాకరమైన వాస్తవం మరొకటి లేదు, ఎందుకంటే కావలసిన పద్ధతి కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేకుండా అప్పటికే చేతిలో ఉంది.

అదే కాలంలో హార్వర్డ్‌లో హాలొవెల్ డేవిస్ బృందం స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషుల చెవులను పెద్ద శబ్దాలకు గురిచేసి, తాత్కాలిక చెవుడు ఎంతసేపట్లో తగ్గుతుందో కొలిచింది. ఆ ఫలితాలు 1950లో అచ్చయ్యాయి. శబ్దం వల్ల కనిష్ఠ శ్రవణ స్థాయి పైకి జరిగి, గంటల్లోనో రోజుల్లోనో మళ్లీ యథాస్థానానికి వస్తే దాన్ని తాత్కాలిక మార్పు అనీ, రాకపోతే శాశ్వత నష్టం అనీ విభజించే పద్ధతి ఈ తరహా పరిశోధనల మీదనే స్థిరపడింది. తరువాతి కాలంలో కర్మాగారాలకూ సైన్యాలకూ నిర్ణయించిన శబ్ద పరిమితులు చాలావరకు ఈ విభజనకే కట్టుబడ్డాయి. ఎం16 తుపాకి పేలినప్పుడు కాల్చేవాడి చెవి దగ్గర సుమారు 157 డెసిబెల్ల శబ్దం పుడుతుంది; ఫిరంగులు, భుజం మీది రాకెట్ లాంచర్ల శబ్దం 180 డెసిబెల్లను దాటుతుంది; రక్షణ లేని చెవికి 140 దాటితే ప్రమాదమని సైన్యాల నిబంధనలే చెబుతాయి. ఫైరింగ్ రేంజి నుంచి వచ్చిన రాత్రి చెవుల్లో హోరు పుట్టి తెల్లవారేసరికి తగ్గడం సైనికులకు అలవాటైన అనుభవం కావడంతో, తగ్గిపోయిన హోరును ఎవరూ నమోదు చేయించుకోలేదు.

యుద్ధంలో వినికిడి కోల్పోయినవారి కోసం అమెరికా సైన్యం పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో డెషాన్, ఓక్లహామాలోని చికషాలో బోర్డెన్, కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో హాఫ్ అనే మూడు ఆసుపత్రులను ప్రత్యేకించింది. నౌకాదళం ఫిలడెల్ఫియాలో మరొకటి నడిపింది. డెషాన్‌లో రేమండ్ కార్హార్ట్ నడిపిన ధ్వని చికిత్సా విభాగం నుంచే ఆడియాలజీ, అంటే వినికిడి శాస్త్రం, స్వతంత్ర వృత్తిగా రూపొందిందని చెప్పడం అతిశయోక్తి కాదు. అక్కడికి వచ్చిన సైనికుడికి వినికిడి యంత్రం ఎంపిక చేసి, పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించడం నేర్పి, మిగిలిన వినికిడిని వాడుకునే సాధన చేయించేవారు. శుద్ధ స్వరాలు మాత్రమే చాలవని గుర్తించి, బేస్‌బాల్, ఎయిర్‌ప్లేన్ వంటి రెండు అక్షర ఖండాల సమాన ఒత్తు గల పదాలతో మాట పరీక్షను కార్హార్ట్ అక్కడ వాడుకలోకి తెచ్చాడు. వినికిడి శాస్త్రం మాజీ సైనికులకు ఎంతగా రుణపడి ఉందో చెప్పడానికి ఈ ఒక్క ఆసుపత్రి చరిత్ర చాలు.

ఆ ఆసుపత్రుల్లోనే అనుమానం కూడా పెరిగింది. చెప్పే బాధకూ పరీక్షా ఫలితానికీ పొంతన కుదరని సైనికులను విడిగా తీసి, వారిలో చెవిటితనం నటిస్తున్నది ఎవరు, తమకు తెలియకుండానే మనసు మూలంగా చెవి మూసుకున్నది ఎవరు అని తేల్చే పరీక్షలు వరుసగా వచ్చాయి. నిద్రమత్తు కలిగించే మందును నరానికి ఎక్కించి, ఆ మత్తులో ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టిన వైద్యులున్నారు. 1946లో డోర్‌ఫ్లర్, స్టూవర్ట్ ప్రకటించిన పరీక్షలో సైనికుడికి పదాలు వినిపిస్తూ, వాటి మీద హోరును క్రమంగా పెంచుతారు. నిజంగా చెవి పోయినవాడు తట్టుకోగలిగే స్థాయి కంటే ముందే జవాబులు ఆపేస్తే అతని చెవిటితనం శారీరకం కాదని నిర్ధారిస్తారు. మాటనూ చప్పుడునూ కలిపి సైనికుడి చెవిని పరీక్షించిన తొలి పద్ధతుల్లో ఒకటి ఈ విధంగా దొంగను పట్టుకోవడానికి పుట్టింది. చప్పుడులో ఎక్కువగా తడబడేవాడి బాధ ఏమిటో తెలుసుకోవడానికి అదే పద్ధతి ఉపయోగపడి ఉండేది. వైద్యుల దృష్టి ఆ వైపు మళ్లలేదు. పింఛను ఖజానాను కాపాడాలన్న తాపత్రయంలో వైద్యులు పోగొట్టుకున్న అవకాశంగానే దీన్ని పరిగణించాలి.

యుద్ధానంతర దశాబ్దంలో ఈ రహస్యానికి చెందిన ముక్కలు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు చేతుల్లో బయటపడ్డాయి. న్యూయార్క్ చెవి వైద్యుడు శామ్యూల్ కొపెట్జ్‌కీ 1948 నాటి గ్రంథంలో, శుద్ధ స్వర పరీక్ష సరిగానే ఉన్నా మాట అర్థం కాని రోగులను ప్రస్తావించగా, బ్రిటిష్ వైద్యుడు కింగ్ 1954లో అటువంటివారిని మనోజనిత బధిరత్వం, అంటే మనసు మూలంగా కలిగే చెవుడు, అన్న శీర్షిక కింద వర్ణించాడు. 1953లో కోలిన్ చెర్రీ ఒకేసారి రెండు ప్రసంగాలను వినిపించి, గోలలో ఒక గొంతునే ఎంచుకొని వినే శక్తి ఎలా పనిచేస్తుందో పరిశీలించాడు. ఇటలీలో బొక్కా, కలెయారో బృందం 1954లో మెదడు పక్కభాగంలో కణుతులున్న రోగులకు వికృతం చేసిన మాటలను వినిపించి, ఆడియోగ్రామ్ చక్కగా ఉన్నా కణుతికి ఎదుటి వైపు చెవిలో మాట చెడుతోందని చూపింది. 1955లో షుక్‌నెక్ట్, వోల్‌నర్ పిల్లుల శ్రవణ నాడిని కొంతమేర కోసి పరీక్షించినప్పుడు, నాడీ తంతువుల్లో మూడొంతుల వరకు పోయినా శుద్ధ స్వరాల కనిష్ఠ స్థాయి దాదాపు మారలేదు. ఆడియోగ్రామ్ సాధారణంగా ఉన్నంత మాత్రాన వినికిడి వ్యవస్థ ఆరోగ్యంగా ఉన్నట్లు కాదనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కరలేదు. అయినా ఈ ముక్కలు దశాబ్దాలపాటు ఒకచోట చేరలేదు. 1989లో గాబ్రియెల్ సాండర్స్, మార్క్ హాగర్డ్ బ్రిటన్‌లో ఇటువంటి రోగులను క్రమపద్ధతిలో పరిశీలించి, అస్పష్ట శ్రవణ లోపం అన్న అర్థం వచ్చే పేరుతో వర్ణించి, చెవి సంబంధమైన కారణాలూ మానసిక కారణాలూ రెండూ కలిసి ఉండవచ్చునని చెప్పడం ఈ చరిత్రలో గౌరవించదగిన మలుపు. రోగి మాటను నమ్మడంతో మొదలైన పరిశోధన అది. 1992లో హించ్‌క్లిఫ్ ఈ లోపానికి కింగ్, కొపెట్జ్‌కీల పేరు పెట్టాడు. సాండర్స్ తరువాతి కాలంలో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో, అమెరికా మాజీ సైనికుల శాఖ నడిపే వినికిడి పరిశోధన కేంద్రంలో చేరి, ఇదే ప్రశ్నను సైనికుల మధ్య కొనసాగించారు.

కార్హార్ట్ కూడా తన వృత్తి చివరి దశలో ఈ లోటును గుర్తించాడు. 1970లో టిల్‌మన్‌తో కలిసి ప్రచురించిన వ్యాసంలో, చప్పుడు మధ్య మాటను గ్రహించే శక్తిని కొలవడం వినికిడి పరీక్షలో భాగం కావాలని ఆయన సూచించాడు. ఆ సూచన చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లోనే పనిచేసిన రిచర్డ్ విల్సన్, హోరులో పదాలు అనే అర్థం వచ్చే పరీక్షను రూపొందించి, 2011లో 3430 మంది మాజీ సైనికుల ఫలితాలను ప్రకటించాడు. నిశ్శబ్దంలో పదాలను చక్కగా తిరిగి చెప్పగలిగినవారు వారిలో చాలామంది ఉండగా, హోరులో సాధారణ స్థాయిని అందుకున్నవారు నూటికి పది మంది కూడా లేరు. వీరిలో అధిక సంఖ్యాకులకు ఆడియోగ్రామ్‌లోనూ లోపం ఉన్న మాట నిజమే. అయినా నిశ్శబ్దంలోని ఫలితం చప్పుడులోని శక్తిని చెప్పజాలదన్న సంగతిని ఇంత పెద్ద సంఖ్యతో నిరూపించినవారు అంతకు ముందు లేరు.

చట్టం ఈ విజ్ఞానానికి ఎంత దూరంలో ఉన్నదో చూడాలి. అమెరికా సమాఖ్య నిబంధన ప్రకారం మాజీ సైనికుడి వినికిడి లోపం వైకల్యంగా లెక్కకు రావాలంటే, 500, 1000, 2000, 3000, 4000 హెర్ట్జ్‌లలో ఏదో ఒకచోట కనిష్ఠ స్థాయి 40 డెసిబెల్లు లేదా అంతకు మించి ఉండాలి. లేదా వాటిలో కనీసం మూడు చోట్ల 26 డెసిబెల్లు లేదా అంతకు మించి ఉండాలి. అదీ కాకుంటే మేరీలాండ్ పదాల పట్టికతో చేసే మాట పరీక్షలో 94 శాతం కంటే తక్కువ రావాలి. ఆ పట్టిక కూడా నిశ్శబ్దంలోనే వినిపిస్తారు. 1993లో హెన్స్‌లీ కేసులో మాజీ సైనికుల అప్పీళ్ల న్యాయస్థానం, సాధారణ వినికిడి అంటే 0 నుంచి 20 డెసిబెల్ల మధ్య ఉన్నదేనని పేర్కొంటూ, సేవ ముగిసిన నాటి పరీక్ష పై హద్దులను తాకలేదన్న ఒక్క కారణంతో దరఖాస్తును తోసిపుచ్చకూడదని తీర్పు చెప్పింది. అది మేలైన తీర్పే గాని, దరఖాస్తు చేసుకునే నాటికైనా ఆడియోగ్రామ్ గాని, నిశ్శబ్దంలోని మాట పరీక్ష గాని చెడి ఉండాలన్న షరతు మారలేదు. చెవిలో హోరు ఉన్నవారికి దక్కేది పదిశాతం గుర్తింపు. హోరు లేకుండా, ఆడియోగ్రామ్ చెడకుండా, జనం మధ్య మాట మాత్రమే పోయినవాడికి వినికిడి నిబంధనల్లో చోటు దొరకడం కష్టం.

ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలు ఈ ఫిర్యాదును ఎవరూ పక్కన పెట్టలేని స్థితికి తెచ్చాయి. రోడ్డు పక్కన అమర్చిన బాంబు పేలినప్పుడు వెలువడే ఒత్తిడి తరంగం కర్ణభేరిని చీల్చడంతో ఆగకుండా పుర్రె గుండా సాగి, మెదడు రెండు అర్ధభాగాలను కలిపే తంతువులనూ, చెవి నుంచి మెదడుకు వెళ్లే మార్గాలనూ గాయపరచగలదు. వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న సైనికులను ఫ్రెడరిక్ గాలన్ బృందం పరీక్షించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు చెవులకూ ఒకేసారి వేర్వేరు మాటలు వినిపించడం, శబ్దం మధ్యలో లిప్తపాటు విరామాన్ని గుర్తించమనడం వంటి పరీక్షల్లో పేలుడుకు గురైనవారు ఇతరుల కంటే ఎక్కువగా తడబడ్డారు. ఇదంతా చెవి నుంచి వచ్చిన సమాచారాన్ని మెదడు క్రమపరచే పనిలో లోపం. యుద్ధానంతర మానసిక ఆఘాతం, నిద్రలేమి, తలకు తగిలిన దెబ్బ కూడా దృష్టిని నిలపనివ్వవు కనుక, ఒకే మనిషిలో కారణాలను విడదీయడం కష్టమైన పని. అయితే వంద ఏళ్ల కిందట షెల్ షాక్ మీద జరిగిన వాదంలో ఓడిపోయిన పక్షం, అంటే పేలుడు అదురు మెదడునే గాయపరుస్తుందన్న పక్షం, కొంతమేరకు సరైనదేనని ఈ పరిశోధనలు సూచిస్తున్నాయి.

మరో మలుపు బోస్టన్‌లోని ఒక ప్రయోగశాల నుంచి వచ్చింది. లోపలి చెవిలో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే రోమకణాలకూ శ్రవణ నాడి తంతువులకూ మధ్య అతి సూక్ష్మమైన కలయిక స్థానాలు ఉంటాయి. వాటిని నాడీ సంధులు అంటారు. షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ 2009లో ప్రకటించిన ప్రయోగంలో ఎలుకలకు 100 డెసిబెల్ల శబ్దాన్ని రెండు గంటలు వినిపించారు. కొద్ది రోజుల్లో వాటి కనిష్ఠ శ్రవణ స్థాయి యథాస్థితికి వచ్చింది, రోమకణాలు చెక్కుచెదరలేదు, కానీ చెవిలోని కొన్ని భాగాల్లో నాడీ సంధులు సగం వరకు నశించాయి. వాటికి చెందిన నాడీకణాలు ఆ తరువాత నెలల తరబడి మెల్లగా క్షీణించాయి. ముందుగా నశించే తంతువుల్లో ఎక్కువ భాగం పెద్ద శబ్దాలకు మాత్రమే స్పందించే రకమనీ, చప్పుడు మధ్య మాటను పట్టుకోవడానికి అవసరమైనవి అవేననీ తరువాతి ప్రయోగాలు సూచించాయి. శుద్ధ స్వర పరీక్ష అతి సన్నని శబ్దాలతో జరుగుతుంది కనుక ఈ తంతువుల లేమి అందులో కనబడదు. 2011లో షేట్, మెకాల్పైన్ దీనికి గుప్త శ్రవణ లోపం అనే అర్థం గల పేరు పెట్టారు. తాత్కాలికమని రెండు శతాబ్దాలుగా కొట్టిపారేసిన నష్టం ఎలుక చెవిలోనైనా తాత్కాలికం కాదని తేలిపోయింది. ఈ ప్రయోగానికి నాలుగేళ్ల ముందే, అమెరికా వైద్య సంస్థ నియమించిన నిపుణుల సంఘం, శబ్దానికి దూరమైన తరువాత ఏళ్లు గడిచాక కొత్తగా వినికిడి నష్టం బయటపడే అవకాశం తక్కువని సైనికుల విషయమై అభిప్రాయపడి ఉండటాన్ని బట్టి, ఈ ఫలితం ఎంత పునాదిని కదిలించిందో గ్రహించవచ్చు.

ఎలుక చెవిలో రుజువైనది మనిషి చెవిలో రుజువు కావడం తేలిక కాలేదు, ఎందుకంటే బతికి ఉన్న మనిషి లోపలి చెవిని కోసి నాడీ సంధులను లెక్కించలేరు. అందువల్ల పరిశోధకులు నెత్తి మీద అంటించిన తీగల ద్వారా, శబ్దానికి శ్రవణ నాడి ఇచ్చే విద్యుత్ స్పందనను కొలుస్తారు. పోర్ట్‌లాండ్ కేంద్రంలో నవోమి బ్రామ్‌హాల్ బృందం 2017లో, ఆడియోగ్రామ్ సాధారణంగా ఉన్న 35 ఏళ్ల లోపు యువకుల్లో, ఎక్కువ శబ్దానికి గురైన మాజీ సైనికుల స్పందనలోని మొదటి తరంగం ఇతరుల కంటే బలహీనంగా ఉందని చూపింది. అదే ఏడాది ఇంగ్లండులోని మాంచెస్టర్ పరిశోధకులు సాధారణ యువజనుల్లో అటువంటి సంబంధాన్ని కనుగొనలేకపోయారు. ఈ వాదం ఇంకా ముగియలేదు. సైనికుల బాధలో ఎంత భాగం నాడీ సంధులది, ఎంత భాగం మెదడుది, ఎంత భాగం మనసుది అన్నది ఒక్కొక్క మనిషిలో ఒక్కొక్క విధంగా ఉండవచ్చు. కారణం తేలేదాకా సహాయం ఆపనక్కరలేదు. మాట్లాడేవారి దగ్గర ఉంచిన మైక్రోఫోన్ నుంచి గొంతును నేరుగా చెవికి పంపే పరికరాలు, తక్కువ బలంతో పనిచేసే వినికిడి యంత్రాలు, మాటను గ్రహించే సాధన కొందరికి ఉపకరిస్తున్నాయి.

తెలుగు ప్రాంతాలకు ఈ చరిత్రతో సంబంధం లేకపోలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపిన మిలిటరీ మాధవరం అనే గ్రామం పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది; ఫిరంగి దళానికి శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి హైదరాబాదులో గోల్కొండ పక్కనే ఉంది. మాట పరీక్ష మనిషి మాతృభాషలో జరిగితేనే దానికి విలువ ఉంటుంది; ఇంగ్లీషు పదాలు తప్పిన జవాను చెవి వల్ల తప్పాడా, భాష వల్ల తప్పాడా అన్నది ఎవరూ తేల్చలేరు. సికింద్రాబాదులో వినికిడి, వాక్కు సమస్యల జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉన్నందున, చప్పుడు మధ్య తెలుగు మాటను పరీక్షించే పద్ధతిని మాజీ సైనికుల వైద్యశాలల్లో అలవాటుగా మార్చడం అసాధ్యమేమీ కాదు. మాట వినబడుతోంది గాని తెలియడం లేదని చెప్పే మాజీ సైనికుడి ఆడియోగ్రామ్ సాధారణంగా వచ్చినప్పుడు, వైద్యులు చీటీ రాసి పంపేయకుండా చప్పుడులో పరీక్ష కూడా చేయాలి; చేయకపోతే అడిగి చేయించుకునే బాధ్యతను కుటుంబ సభ్యులు తీసుకోవాలి.